కోడి పోయిందా? ఓడిపోయిందా?

సందేహం: సంక్రాంతికి మా భీమవరం కుర్రాళ్లు ఆన్‌లైన్‌లో లైవ్ పెట్టి, పందెం కబుర్లు సరదాగా #మాకోడిపోయింది అనే ట్యాగ్‌తో పంపమన్నారండి. నేను #మా కోడి పోయింది అని విడదీసి రాస్తే వాళ్లకి చేరలేదు. కలిపి రాసింది చూసి మావయ్యగారేమో ‘మాకు ఓడిపోయింది’ అని చదివారు. ఇలా కలిపెయ్యడం తప్పు కాదాండీ?

సమాధానం: తప్పు కాదమ్మా. తాటాకు ప్రతుల్లో మాటల మధ్య ఖాళీయే ఉండదు. అయితే అక్కడ పద్యం నడక, యతి దారి చూపిస్తాయి. ట్యాగ్‌కు ఆ ఆసరా లేదు.

మీ మావయ్యగారు చదివిందీ వ్యాకరణానికి సరైనదే. ‘మాకు’లోది ప్రథమ కాని విభక్తి ఉకారం కనుక అక్కడ సంధి వైకల్పికం, అంటే చేసినా మానినా సరే. చేస్తే ‘మాకోడి’, చెయ్యకపోతే మధ్య నకారం వచ్చి ‘మాకు నోడి’. ‘మా కోడి’లో సంధే లేదు, పక్కపక్కన చేరాయంతే. రెండు దారులూ ఒకే రూపానికి వచ్చాయి. ఒకటి కోడి పోయినవాడి గోడు, రెండోది పందెం గెలిచినవాడి సంబరం!

మీది చేరకపోవడానికి కారణం వ్యాకరణం కాదు. ఖాళీ రాగానే ట్యాగ్ ఆగిపోతుంది. మీరు రాసినదానిలో #మా ఒక్కటే ట్యాగ్ అయింది. ప్రశ్నార్థకం, చుక్క, అడ్డగీత పెట్టినా అంతే. అండర్‌స్కోర్ మాత్రం చెల్లుతుంది. ఇంగ్లీషులో ప్రతి మాటనూ పెద్దక్షరంతో మొదలుపెట్టి విడి చూపించవచ్చు. మనకు ఆ వీలు లేదు కనుక #మా_కోడి_పోయింది అనడమే మేలు. కానీ ఇదీ, కలిపి రాసినదీ రెండు వేర్వేరు ట్యాగులు. అందుకే షో మొదట్లోనే ఒక రూపం ఖాయం చేసి తెర మీద ఉంచాలి. ‘గోదారోళ్ళు’, ‘గోదారోళ్లు’ కూడా రెండు ట్యాగులే, ళ వత్తా ల వత్తా అన్నంత తేడాకే సగంమంది అవతల పడతారు. ‘లైవ్‌లో’ వంటివి ట్యాగ్‌లో వద్దు. వ కింద ల వత్తు పడకుండా అక్కడ కంటికి కనపడని గుర్తొకటి చేరుతుంది. అది ఉన్నదీ లేనిదీ ఒక లెక్కలోకి రాకపోవచ్చు.

అచ్చుతో మొదలయ్యే మాట రెండోదిగా వస్తే ఇంకా జాగ్రత్త. పండక్కొచ్చిన అల్లుడి మీద ట్యాగ్ పెడుతూ, సంధి లేనిచోట యడాగమం (రెండు అచ్చుల మధ్య ‘య’ చేరడం) అని సూత్రం పాటించి #మాయల్లుడు అన్నారనుకోండి, ‘మాయ అల్లుడు’ అయి కూర్చుంటాడు. అక్కడ యడాగమం వదిలేసి #మా_అల్లుడు అనండి.