బూట్లు వేసుకుని వెళ్లు, అమ్మలూ

అమ్మలూ,

ఆకుల మీద తెల్లటి పొడిలా పట్టే బూడిద తెగులును ఏడాది పొడుగునా చూసి రాస్తావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మనింట్లో తెగులును తిట్టినవాళ్లే గానీ కూర్చుని చూసినవాళ్లు లేరు. సంతోషమే. కానీ తెల్లారకముందే మినప చేలో దిగుతానన్నావట, అప్పట్నుంచి నాకు టెన్షన్. వరి కోసిన మడిలో రక్తపింజర ఉంటుంది. ఎండ పడ్డాక వెళ్లు. తెగులెక్కడికీ పారిపోదు.

తేదీ, మొక్క పేరు రాసుకోమని నీకు చెప్పక్కర్లేదు. మిరపలో మాత్రం ఆకు తిరగేసి చూడు. పైన పసుపు మచ్చలే ఉంటాయి, పొడి అడుగున దాక్కుంటుంది.

దసరా వెనకే వచ్చే సిరిమాను సంబరం దాటాక రేగుకు పడుతుంది, ఆనక మినుముకు, సంక్రాంతి నాటికి మామిడి పూతకు. ఇది వాన తెగులు కాదు. చల్లటి రాత్రి, గాలిలో చెమ్మ చాలు. గట్టి వాన పడితే పొడి కొట్టుకుపోతుంది. ఎండలు ముదిరాక ఏమీ కనిపించకపోతే, కనిపించలేదనే రాయి. పేజీ ఖాళీగా వదిలేస్తే ఊరుకోను.

ఇక నా ఘనకార్యం. ఓ ఏడు పెరట్లో గుమ్మడాకులు పిండి చల్లినట్టయ్యాయి. వాటి మీద నిమ్మపండు రంగులో చిన్న పెంకు పురుగులు. వంగాకును జల్లెడ చేసే, రెక్కల మీద నల్లచుక్కలుండే అక్షింతల పురుగులే ఇటొచ్చాయనుకున్నాను. తెలుపూ వాటి పనేనని తీర్మానించి మందు కొట్టేశాను. పొద్దున్నకి అన్నీ పాదు కింద రాలి ఉన్నాయి. మీ అత్తను పిలిచి మరీ చూపించాను. తెలుపు మాత్రం పెరుగుతూనే ఉంది.

పై ఏడు మళ్లీ వచ్చాయి. ఈసారి మీ తాత భూతద్దం పెట్టాను. రెక్కల మీద ఒక్క చుక్క లేదు. తల వెనక తెల్లటి పట్టీ మీద మాత్రం రెండు నల్లచుక్కలు. ఆకును కొరకడం లేదు. దూడ కుడితి గోలెం నాకినట్టు ఆ పొడిని గీరి తింటోంది, అది నడిచిన మేర ఆకు పచ్చగా బయటపడుతోంది. పక్కన దాని పిల్లలదీ అదే పని. తెగులును మేసేవాటినే చంపుకున్నాను. ఈ మాట మీ అత్తకు చెప్పడానికి నాలుగు రోజులు పట్టింది.

నీదీ నా తొందరే. పురుగు కనబడితే దాని నోరేం చేస్తోందో చూశాకే మందు డబ్బా ముట్టుకో.

రథసప్తమికి అరసవల్లి వస్తారుగా, భూతద్దం అప్పుడిస్తాను. పిడి వదులైతే దారం చుట్టాను. బూట్ల సైజు బేగి చెప్పు.

మావయ్య