అమ్మ ఏడుపు తమ్ముడికి కనిపించడం లేదు, నా ముఖంలో లేని కోపం కనిపిస్తోంది

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. నాన్న పోయి నాలుగేళ్లయింది. నేను పెళ్లయి ఇదే ఊళ్లో వేరే వీధిలో ఉంటున్నాను. అమ్మ, తమ్ముడు పాత ఇంట్లోనే ఉంటారు. తమ్ముడికి 24 ఏళ్లు, సెల్‌ఫోన్ల దుకాణంలో పని చేస్తాడు. చిన్నప్పటి నుంచీ ముభావి. ప్లస్ టూ అయ్యాక స్నేహితులతో గంజాయి మొదలుపెట్టాడు, ఇప్పుడు దాదాపు రోజూ తాగుతున్నాడు. ఆదివారాలు మందు కూడా ఉంటుంది. అమ్మ ఎదురుగా కన్నీళ్లు పెట్టుకున్నా వాడికి పట్టదు, అన్నం పెట్టమంటాడు. నేను మామూలుగా చూసినా ‘ఎందుకలా కోపంగా చూస్తావు’ అని గొడవకు దిగుతాడు. వీధిలో ఎవరైనా నవ్వుకుంటే తన గురించే అనుకుంటాడు. ఇదంతా మత్తు వల్లా, లేక వాడి మనసే రాయి అయిపోయిందా? పెళ్లి చేస్తే దారికొస్తాడని అమ్మ పార్వతీపురంలో ఉన్న మేనమామ కూతురిని అడగబోతోంది. ఆసుపత్రికి తీసుకెళ్తే పోలీసు కేసవుతుందని భయపడుతోంది. నేనేం చేయాలి?
– ఒక అక్క

జవాబు: అమ్మా, మీ తమ్ముడి మనసు రాయి అయిందని అప్పుడే తీర్మానించకండి. ఎదుటివారి బాధ తెలిసి కూడా లెక్కచేయకపోవడం వేరు, ఆ బాధ ముఖంలో కనిపిస్తున్నా పోల్చుకోలేకపోవడం వేరు. మీరు రాసిన సంగతులన్నీ కలిపి చూస్తే నాకు రెండోదే ఎక్కువగా కనిపిస్తోంది. నిజంగా లెక్కలేనివాడైతే మీ చూపుకు అంతగా ఉలిక్కిపడడు.

ముఖాలు చదవడం మనకు ఊపిరి తీసుకున్నంత సహజంగా అనిపిస్తుంది. కానీ దాని వెనుక మెదడు చాలా పని చేయాలి. సంతోషం, దుఃఖం, కోపం, భయం, ఆశ్చర్యం, అసహ్యం అనే 6 భావాల ఫొటోలు చూపించి మనస్తత్వవేత్తలు దశాబ్దాలుగా పరీక్షలు చేస్తున్నారు. నవ్వు ముఖాన్ని దాదాపు అందరూ వెంటనే పట్టేస్తారు. తడబాటంతా మిగిలిన వాటి దగ్గరే. మామూలు మనుషులు కూడా భయాన్ని ఆశ్చర్యమనీ, అసహ్యాన్ని కోపమనీ పొరబడుతుంటారు. 2010లో ప్రచురితమైన ఒక బ్రిటన్ అధ్యయనంలో, ఏ భావమూ లేని ముఖం నెమ్మదిగా సంతోషంగానో దుఃఖంగానో కోపంగానో మారుతుంటే, తరచూ గంజాయి వాడేవారు వాడనివారికంటే ఆలస్యంగా గుర్తుపట్టారు. గంజాయిలో మత్తునిచ్చే టీహెచ్‌సీ అనే పదార్థాన్ని నేరుగా ఇచ్చి చూసిన 2015 నాటి ప్రయోగంలో, ముఖంలోని భావాన్ని గుర్తుపట్టడం తగ్గింది. పరీక్ష గదిలో ఆ ఆలస్యం చిన్నదే కావచ్చు. ఇంట్లో అలా కాదు. మీ అమ్మగారు కళ్లు తుడుచుకుని వంటింట్లోకి వెళ్లిపోయేలోపు ఆ క్షణం దాటిపోతుంది. వాడు తలెత్తేసరికి ఎదురుగా ఉండేది అన్నం గిన్నె మాత్రమే.

ఆదివారం మందును కూడా తేలిగ్గా తీసుకోకండి. మద్యానికి బానిసలైనవారు ముఖంలో ఉన్నదానికంటే ఎక్కువ భావాన్ని, ముఖ్యంగా లేని కోపాన్ని చూస్తారనీ, తాము పొరబడుతున్నామన్న సంగతి కూడా వారికి తెలియదనీ పరిశోధనల్లో కనిపించింది. మీ తమ్ముడు ఇంకా అంత దూరం వెళ్లి ఉండకపోవచ్చు. అయినా ‘నువ్వు కోపంగానే చూశావు’ అని వాడు ఒట్టేసి చెప్పినప్పుడు అది అబద్ధం అనుకోకండి, వాడికి అలాగే కనిపించి ఉంటుంది. నేను అలా చూడలేదని మీరు ఎంత వాదించినా ప్రయోజనం లేనిది అందుకే.

ఇక స్వభావం. మీరు ‘చిన్నప్పటి నుంచీ ముభావి’ అని ఒక్క మాటలో దాటేశారు గానీ, నేను అక్కడే ఆగాను. కొందరికి తమ లోపల ఏం జరుగుతోందో చెప్పుకోవడానికి మాటలు దొరకవు. గుండె దడదడలాడుతుంది, కడుపులో తిప్పుతుంది, అది భయమో దుఃఖమో మాత్రం తెలియదు. దీన్ని అలెక్సిథైమియా అంటారు. ఇది జబ్బు పేరు కాదు, ఒక స్వభావ లక్షణం. నూటికి సుమారు 10 మందిలో ఉంటుందని అంచనా, మత్తుకు అలవాటుపడినవారిలో ఇంకా ఎక్కువ. తనలోని భావాన్నే పోల్చుకోలేనివారికి ఎదుటివారి ముఖం చదవడమూ కష్టమే. అలాగే నలుగురిలో బెరుకు ఎక్కువగా ఉన్నవారు ఏ భావమూ లేని ముఖంలో కూడా తమ మీద విసుగును చూస్తారు. అలాంటి కుర్రవాడికి గంజాయి మొదట్లో హాయిగానే ఉంటుంది, ఎందుకంటే నలుగురి చూపులూ కాసేపు గుచ్చుకోవు. ఆ తర్వాత అదే గంజాయి ఆ చూపులను మరింత అనుమానంగా కనిపించేలా చేస్తుంది. మత్తా, స్వభావమా అని మీరు అడిగారు. రెండూ ఒకదానికొకటి తోడయ్యాయన్నదే నా అభిప్రాయం. మానితే మత్తు వల్ల వచ్చింది చాలావరకు తగ్గుతుంది. ముభావం కొంత మిగులుతుంది, దానితో బతకడం నేర్చుకోవచ్చు.

ఇంట్లో ఈ రోజు నుంచే ఒక మార్పు చేయండి. ముఖం చూసి వాడే అర్థం చేసుకోవాలని ఎదురుచూడకండి, నోటితో చెప్పండి. ‘నాకు కోపం లేదు, నీ గురించి భయంగా ఉంది’ అని మీరు, ‘పొద్దున్నుంచీ నాన్న గుర్తొస్తున్నారు, ఏడుపొస్తోంది’ అని అమ్మగారు. ఇలా మాట్లాడటం మన ఇళ్లలో అలవాటు లేదు, మొదట ఎబ్బెట్టుగానే ఉంటుంది. అయినా చెప్పండి. వాడు మత్తులో లేని పూట, ఫోను పక్కన పెట్టించి, కళ్లలోకి చూడమని అడిగి చెప్పండి. మెదడులో అమిగ్డలా అనే భాగం దెబ్బతిని ఎదుటివారి ముఖంలో భయాన్ని గుర్తించలేని ఒక అమెరికా మహిళను, కళ్లవైపు చూడమని చెప్పి పరీక్షిస్తే ఆమె భయాన్ని గుర్తించగలిగింది. ఈ సంగతి 2005లో బయటికొచ్చింది. చూడాల్సిన చోటు చూస్తే మీ తమ్ముడికీ కొంత తేడా ఉండవచ్చు.

అలాగని వాడు చేసేదంతా సహించమనడం లేదు. లేని కోపం కనిపించడం వాడి తప్పు కాకపోవచ్చు, అది చూసి చేయెత్తితే మాత్రం తప్పే. అలా జరిగిన రోజున అమ్మగారిని మీ ఇంటికి తెచ్చుకోండి.

పెళ్లి మాట ఇప్పుడు వద్దు. ఈ విషయంలో నాకు రెండో ఆలోచన లేదు. అమ్మ ఏడుపునే పోల్చుకోలేని స్థితిలో ఉన్నవాడికి, కొత్తగా ఇంటికొచ్చి నోరు విప్పడానికి జంకే పిల్లను అప్పగిస్తే ఆమె ప్రతి మౌనమూ వాడికి ధిక్కారంగా కనిపిస్తుంది. మేనరికం కాబట్టి సర్దుకుపోతుందనుకోవడం ఆ పిల్లకు అన్యాయం. మీ మేనమామకు ఉన్నదున్నట్టు మీరే చెప్పండి, అమ్మగారి చేత చెప్పించకండి.

చికిత్సకు ఆలస్యం చేయవద్దు. వీధిలో నవ్వులన్నీ తన గురించే అనుకోవడం నన్ను ఎక్కువగా కలవరపెడుతోంది. మత్తు లేని వేళ కూడా ఆ అనుమానం ఉన్నా, ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపిస్తోందన్నా వెంటనే మానసిక వైద్యుడికి చూపించాలి. కోరాపుట్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. తెలుగులో చెప్పుకోవడమే సులువైతే పార్వతీపురం మీదుగా రైల్లో విశాఖపట్నం వెళ్లి చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలలో చూపించవచ్చు. ముందుగా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416కు ఫోను చేయండి, తెలుగులోనూ మాట్లాడతారు. మత్తు మాన్పించే విషయాలకు ప్రత్యేకంగా 14446 ఉంది.

పోలీసుల గురించి అమ్మగారికి ఇలా చెప్పండి. చికిత్స కోసం ఆసుపత్రికి వెళ్లడం నేరం కాదు. పైగా, వాడకం లేదా చిన్న పరిమాణం కేసులో ఇరుక్కున్న వ్యసనపరుడు కూడా ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన సంస్థలో తనంతట తాను చికిత్సకు చేరితే, 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోని 64ఎ సెక్షన్ విచారణ నుంచి రక్షణ ఇస్తుంది. భయపడాల్సింది ఇంకో దాని గురించి. ఈ సంచి ఒక్కటి విజయనగరం దాకా దించిరా అని స్నేహితులు అడిగితే వాడు ఒప్పుకోకూడదు. గంజాయి 20 కిలోలు దాటితే కనీస శిక్షే 10 ఏళ్లు. ఇది వాడికి మీరే సూటిగా చెప్పాలి.

మానిన మొదటి వారంలో చిరాకు పెరుగుతుంది, నిద్ర పట్టదు, అన్నం సహించదు. రెండు మూడు వారాల్లో ఇవి సర్దుకుంటాయి. మానాక ఇంకా పాడయ్యాడని ఆ రోజుల్లో కంగారుపడకండి. డాక్టరు దగ్గరికి వాడిని ఒక్కడినే పంపకుండా మీరూ వెళ్లండి. ఏ రోజు ఏమి తాగాడో, ఎవరి ముఖాన్ని ఎలా పొరబడ్డాడో, అప్పుడు మత్తులో ఉన్నాడో లేడో ఒక కాగితం మీద రాసి పట్టుకెళ్లండి, డాక్టరుకు పనికొస్తుంది.