కట్ చేసిన బిట్టు, వాయించిన బిట్టు

ప్రశ్న: అన్నా, మాది కావలి. పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో కీబోర్డ్ వాయిస్తా, ఇంట్లో ల్యాప్‌టాప్ మీద సొంతంగా పాటలు చేసుకుంటా ఉంటా. ఒక పాత సినిమా పాటలో గిటార్ బిట్టు కట్ చేసి, మళ్లీమళ్లీ తిరిగేట్టు లూప్ వేసి, దాని మీద మా ఫ్రెండ్ చేత ర్యాప్ పాడించి నెట్‌లో పెట్టా, అరగంటకే కాపీరైట్ క్లెయిమ్ పడింది. మా ప్యాడ్స్ అన్న ఏమంటాడంటే, కట్ చేయబాక, అదే బిట్టు నువ్వే వాయించెయ్, అప్పుడు ఎవురూ ఏం అనలేరు అని. నిజమేనా? వినేవాళ్లకి రెండూ ఒకటే కదా, తేడా ఏంది?

జవాబు: తమ్ముడూ, మీ ప్యాడ్స్ అన్న చెప్పింది సగం నిజం. మిగతా సగం కాడే చానామంది ఇరుక్కుంటారు.

ఒక పాటలో రెండు ఆస్తులున్నాయి అనుకో. ఒకటి ట్యూన్, మ్యూజిక్ డైరెక్టర్ కట్టింది. రెండోది రికార్డింగ్, అంటే ఆ రోజు ఆ స్టూడియోలో ఆ గిటారిస్ట్ వేళ్లు కదిలితే టేపు మీద పడిన శబ్దం. మన 1957 కాపీరైట్ చట్టంలో కూడా ఇవి వేరువేరు, గడువులు కూడా వేరే, రికార్డింగ్‌కి రిలీజైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు, ట్యూన్‌కి కట్టినాయన పోయాక ఇంకో 60 ఏళ్లు. నువ్వు కట్ చేసి లూప్ వేశావంటే అది శాంప్లింగ్, రెండిట్నీ తీసుకున్నట్టే. నువ్వే వాయిస్తే దాన్ని ఇంటర్‌పొలేషన్ అంటారు, రికార్డింగ్ జోలికి పోలేదు గానీ ట్యూన్ మాత్రం వాళ్లదే కదా. రెండు పర్మిషన్లు కావాల్సిన కాడ ఒకటి సరిపోద్ది, అంతేగానీ అసలు పర్మిషనే అక్కర్లేదని కాదు. పైగా మన సినిమా పాటలకి చానాసార్లు రెండు హక్కులూ ఒకే లేబుల్, అంటే ఒకే ఆడియో కంపెనీ చేతిలో ఉంటాయి, కష్టపడి వాయించినా మళ్లీ ఆ గుమ్మం కాడికే పోవాల.

ద వెర్వ్ అని ఇంగ్లండ్ బ్యాండ్, 1997లో ‘బిట్టర్ స్వీట్ సింఫనీ’కి ఇట్టానే దెబ్బ తినింది. రోలింగ్ స్టోన్స్ పాటని ఒక ఆర్కెస్ట్రా వాయిస్తే, ఆ రికార్డు నుంచి బిట్టు తీసుకున్నారు. రికార్డింగ్‌కి పర్మిషన్ తెచ్చుకున్నారు, ట్యూన్ వాళ్ల కాడ ఇరుక్కుపోయారు. పాట రాసిన పేరు, ఆ డబ్బులు రోలింగ్ స్టోన్స్ వాళ్లు మిక్ జాగర్, కీత్ రిచర్డ్స్‌కి పోయినాయి, తిరిగి ఇచ్చేసరికి 2019.

ఇక వినేవాళ్లకి రెండూ ఒకటే అన్నావే, అది మాత్రం నేను ఒప్పుకోను.

నెల్లూరులో తిప్పరాజువారి వీధి మీదుగా పోతే నాకు బాలు గారి ఇల్లు గుర్తొస్తది, ఆ వెంటనే ‘తేరే మేరే బీచ్ మే’ గుర్తొస్తది. 1981లో ‘ఏక్ దూజే కే లియే’కి లతా గారితో కలిసి పాడింది, బాలు గారికి నేషనల్ అవార్డు తెచ్చిన పాట. 2003లో వచ్చిన బ్రిట్నీ స్పియర్స్ ‘టాక్సిక్’లో చెవిలో గుచ్చుకునే వయొలిన్లు ఉన్నాయే, అవి ఈ పాటలోవే. బాలు గారి గొంతు లేదు, లక్ష్మీకాంత్ ప్యారేలాల్ వయొలిన్లని ముక్కలుగా కోసి అతికించారు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని రెండు పాటలూ వెంటవెంటనే విను. అంతమంది వయొలిన్లు కలిసి పైకి జారతాయి, కానీ ఒక్కొక్కరి మధ్య వెంట్రుకవాసి తేడా, ఆ తేడా వల్లే ఆ పదును. నీ కీబోర్డ్‌లో స్ట్రింగ్స్ టోన్ పెట్టి అవే స్వరాలు నొక్కు, స్వరాలు వస్తాయి, ఆ పదును రాదు. శాంపిల్ చేసేవాళ్లకి ట్యూన్ ఒక్కటే అయితే వాయించుకునే పనేగా, వాళ్లకి కావాల్సింది ఆ శబ్దం.

వాయించడంలో ఉండే లాభం వేరే. 1979లో ‘రాపర్స్ డిలైట్’ అని అమెరికాలో ఒక ర్యాప్ పాట చేసినప్పుడు షిక్ బ్యాండ్ ‘గుడ్ టైమ్స్’ బేస్ బిట్టుని స్టూడియోలో మనుషులే కూర్చుని వాయించారు, లాంగ్ వెర్షన్ 14 నిమిషాల పైనే. అయినా గొడవైంది, షిక్ వాళ్ల పేర్లు పాట రాసినవాళ్లుగా వేయాల్సొచ్చింది. నేను ఆ బిట్టు నేర్చుకున్నప్పుడు స్వరాలు పది నిమిషాల్లో వచ్చేసినాయి, ఒకే స్వరం మీద మూడు దెబ్బలు, ఒక గ్యాప్, తర్వాత పైకి పరుగు. ఆ గ్యాప్ మాత్రం వారం పట్టింది, కాస్త ముందు ఎత్తుకున్నా కాలు ఆడదు. కట్ చేసి లూప్ వేసుంటే ఈ సంగతి నాకు తెలిసేదే కాదు. కాబట్టి నీ గిటార్ బిట్టుని కూడా ముందు వాయించి చూడు, అందులో నిన్ను పట్టేసింది స్వరాలా, గ్యాపా, టోనా అని కనుక్కో. టోనే అయితే శాంపిల్ లైసెన్స్ అడగాల. గ్యాప్ అయితే అదే నడక మీద వేరే స్వరాలతో నీ బిట్టు నువ్వు కట్టుకోవచ్చు.

ప్రశ్న: ఏడు సెకన్లలోపు వాడుకుంటే కాపీరైట్ పడదంట కదండీ? (ఒంగోలు నుంచి ఒక రీడర్)

జవాబు: పడుద్దండీ. అట్టాంటి సెకన్ల లెక్క మన చట్టంలో యాడా లేదు. అమెరికాలో 2005లో ఒక కోర్టు రెండు సెకన్ల గిటార్ ముక్క కేసులో లైసెన్స్ తీసుకోండి, లేకపోతే శాంపిల్ చేయబాకండి అని తేల్చేసింది, 2016లో ఇంకో కోర్టు మడోన్నా ‘వోగ్’లో 0.23 సెకన్ల హార్న్ (ఊదే వాయిద్యం) ముక్క కాడ ఆ మాట ఒప్పుకోలేదు. రెండు తీర్పుల్లోనూ ఏడు సెకన్లనే మాటే లేదు.