అల్ ఐన్ ఖర్జూర తోటకు పోయే ముందు

బిడ్డా,

వచ్చే ఫిబ్రవరిలో మీరు ముగ్గురూ దుబాయ్ నుంచి అల్ ఐన్ తోట చూడటానికి పోతున్నారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నేను కూలీగా నీళ్లు కట్టిన తోటలోకి నువ్వు సొంత కారులో, కొడుకును వెంటబెట్టుకుని పోతున్నావు. మీ బాపు ఉంటే ఎంత మురిసేవాడో. నాకు మాత్రం సంతోషంతో పాటు మనవడి గురించి టెన్షన్ కూడా పట్టుకుంది. అందుకే రాస్తున్నాను.

దారి అల్లుడికి తెలుసు, గంటన్నరలో చేరుకుంటారు. పొద్దున్నే బయల్దేరండి. నీళ్లు పెట్టుకోండి. చెప్పులు వద్దు, అందరూ బూట్లే వేసుకోండి.

ఇక అసలు సంగతి. పిల్లాడి చెయ్యి వదలకు. వాడికి కనబడిందల్లా ఎక్కే అలవాటు ఉంది, మొన్న ఊరికి వచ్చినప్పుడు చూశాను కదా. ఖర్జూరం మన ఈత చెట్టుకు దగ్గరి చుట్టమే, కానీ ఈత ఎక్కినవాళ్లకే అది ఎక్కువ ప్రమాదం. నాతో పాటు జగిత్యాల దిక్కు నుంచి వచ్చిన ఒక గౌడ్ల పిల్లగాడు పనిచేసేవాడు. మీసాలు రాకముందే నడుముకు మోకు తాడు వేసుకుని తాళ్లెక్కినవాడు. పూత కాలం మొదలైంది. మట్టల మొదళ్లలో ముళ్లు కోసి శుభ్రం చేశాకే చెట్టెక్కాలని అక్కడి పెద్ద పనివాడు చెప్పాడు. వాళ్ల మోకును 'హబూల్' అంటారు, అది నడుముకు లేకుండా ఎక్కవద్దనీ చెప్పాడు. వీడు వినలేదు. చెట్టు రెండు నిలువులే ఉంది, దీనికి మోకెందుకని ఒట్టి చేతులతో పైకి పోయాడు. కాలు జారింది. పడలేదు, పట్టు దొరికింది, కానీ మట్ట ముల్లు మోకాల్లో దిగింది.

పైకి కనబడిన ముక్క పీకేసి నవ్వాడు. కొన విరిగి లోపలే ఉండిపోయింది. చెబితే జీతం కోస్తారేమో, తిరిగి ఊరికి పంపిస్తారేమో అని ఎవరికీ చెప్పలేదు. పగలు పని, రాత్రి గదిలో మోకాలికి తడిగుడ్డ. మేం అడిగితే చలికి పట్టేసిందన్నాడు. చివరికి నమాజుకు వచ్చిన ఒక పాకిస్తానీ ముసలాయన వాడి నడక చూసి, చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి తీసుకుపోయాడు. కోసి తీస్తే గోరంత ముక్క. అయినా ఆలస్యమైపోయింది. ఊళ్లో పెళ్లిళ్లకు కలుస్తుంటాడు, ఇప్పటికీ ఆ కాలు మడిచి కింద కూర్చోలేడు, వాడి ఇంట్లో మళ్లీ ఎవరూ చెట్టెక్కలేదు.

పెద్ద చెట్ల కన్నా మొదళ్ల దగ్గర లేచే పిలకలు చూసుకో. వాటి ముళ్లు సరిగ్గా పిల్లల కళ్ల ఎత్తులో ఉంటాయి. ఏదైనా గుచ్చుకుంటే ఇంట్లో సూదితో కెలకొద్దు, అదే రోజు డాక్టరుకు చూపించు. భయపెడుతున్నానని కోపం తెచ్చుకోకు తల్లీ.

అంత భయపడ్డా, ఫిబ్రవరిలో పోతున్నందుకు నాకు ఆనందం. అప్పుడే పూత వేస్తారు. ఖర్జూరంలో మగ చెట్టు వేరు, ఆడ చెట్టు వేరు. గాలిని నమ్ముకోరు, మగ పూల రెమ్మలు తెచ్చి ఆడ పూత మధ్యలో చేత్తో పెట్టి కడతారు. అందుకే తోటలో మగ చెట్లు కొద్దిగానే కనబడతాయి. అది మనవడికి చూపించు, స్కూల్లో చెప్పేదాని కంటే బాగా గుర్తుంటుంది.

తోట మొత్తం 1,200 హెక్టార్లు, 1,47,000కు పైగా చెట్లు. దాదాపు వంద రకాలంటారు, ఖలాస్ అనే రకం ఒక్కటి రుచి చూసినా చాలు. యునెస్కో 2011లో ప్రపంచ వారసత్వంగా గుర్తించాక జనం పెరిగారు. చాలామంది నీడలో ఫోటోలు దిగి వచ్చేస్తారు. నువ్వు అలా చేయకు, నీళ్లు చూడు. ఫలజ్ అని, భూమి లోపలి కాలువల్లో నీళ్లు తెచ్చి తోటలకు వదులుతారు. అక్కడి హిలీ అనే చోట దొరికిన ఫలజ్‌కు దాదాపు 3,000 ఏళ్లు. ఎవరి మడికి ఎంతసేపు నీళ్లు అన్నది వంతు ప్రకారం పెద్దమనిషి ఒకరు చూసేవారు, పగలు ఎండ నీడను బట్టి, రాత్రి చుక్కలను బట్టి. మన చెరువు కింద నీరటి చేసిన పనే. ఖర్జూరాల నీడలో మామిడి, అంజూరం, ఆ కింద పశువుల గడ్డి, అన్నీ ఆ నీళ్ల మీదే. పిల్లాడిని కాలువలో కాళ్లు పెట్టనివ్వకు.

గోడల వెనక ఉన్న తోటలు ఒక్కో కుటుంబానివి. గేటు తీసి ఉన్నా అడగకుండా లోపలికి పోవద్దు. పడమటి అంచున, ఆ దేశపు మొదటి అధ్యక్షుడు షేక్ జాయెద్ 1966 దాకా ఉన్న ఇల్లు ఇప్పుడు మ్యూజియం, ఎండెక్కాక అక్కడ తిరగండి.

పనివాళ్లు కనబడితే సలాం చెప్పు, మంచినీళ్లు ఇవ్వు. మన కరీంనగర్, నిజామాబాద్ వాళ్లెవరైనా ఉన్నారా అని అడుగు. ఉంటే నాకు ఫోన్ కలిపి వాళ్లకివ్వు, పని ఎట్లా ఉంది, ఇంటికి ఎప్పుడు పోతున్నారు అని నేనే అడుగుతాను.

మీ చిన్నబాపు