అంకుల్ అని పిలిచిన నోటితో కాదనడం ఎలా?

ప్రశ్న: నా వయసు 27. కోస్తాలో ఒక జిల్లా కేంద్రంలో, ప్రభుత్వ కార్యాలయంలో జూనియర్ అసిస్టెంట్‌ని. నాన్న ఇదే ఆఫీసులో పనిచేస్తూ గుండెపోటుతో పోయారు. ఏడాదిన్నర క్రితం కారుణ్య నియామకం కింద నాకు ఉద్యోగం ఇచ్చారు. ఇక్కడ చాలామంది నాన్న స్నేహితులే. అందరినీ అంకుల్, ఆంటీ అనే పిలుస్తాను. పక్క సీటు సీనియర్ అసిస్టెంట్ అంకుల్ తన ఫైళ్ళకు నోట్లు నాచేత రాయిస్తుంటారు. ‘మీ నాన్న ఏనాడూ ఎవరికీ కాదని చెప్పలేదమ్మా’ అంటారు. మూడు నెలల క్రితం ఒక ఆర్టీఐ దరఖాస్తును ఈ-ఆఫీసులో నా లాగిన్‌కి పంపి, ‘ఉండనీ, నేను చూసుకుంటా’ అన్నారు. గడువు దాటిపోయింది. దరఖాస్తుదారు అప్పీలుకు వెళ్ళాడు. మెమో నాకు వచ్చింది. సూపరింటెండెంట్ సార్ హాల్లో అందరి ముందూ గట్టిగా అడిగితే ఏడుపు ఆగక ‘అంకుల్ చూసుకుంటానన్నారు సార్’ అనేశాను. రాతపూర్వక వివరణలో మాత్రం భయపడి తప్పంతా నాదేనని రాశాను. ఆ రోజు నుంచి అంకుల్ నాతో మాట్లాడటం లేదు. భోజనాల దగ్గరికి వెళ్తే మాటలు ఆగిపోతున్నాయి. పెద్దాయన మీద చాడీలు చెప్పిందంటున్నారు. ‘ఊరికే వచ్చిన ఉద్యోగం, విలువేం తెలుస్తుంది’ అని ఒకరు, ‘సూపరింటెండెంట్ మనిషి’ అని ఇంకొకరు అన్నారట. నాకు కబుర్లు చెప్పడం రాదు. ఆదివారం సాయంత్రం నుంచే కడుపులో తిప్పుతుంది. నోరు మూసుకుని తలొంచుకుని పనిచేసుకో అంటుంది అమ్మ. నిజం చెప్పడం నా తప్పా? బదిలీ పెట్టుకోనా?

జవాబు: నిజం చెప్పడం తప్పు కాదమ్మా. కాకపోతే ఆ రోజు మీరు రెండింటినీ తారుమారు చేశారు. కాగితం మీద ఉండాల్సిన విషయాన్ని నోటితో, అదీ నిండు హాల్లో చెప్పారు. నోటితో, నలుగురూ లేనప్పుడు చెప్పాల్సిన ‘సారీ’ని కాగితం మీద రాసి సంతకం పెట్టారు. ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. మంచితనం లేక కాదు, ఏది ఎక్కడ చెప్పాలో ఎవరూ నేర్పక.

ముందు ఆ ఫైలు సంగతి చూద్దాం, మీ భయం మొదలైంది అక్కడే కాబట్టి. సమాచార హక్కు చట్టం 2005 ప్రకారం దరఖాస్తు అందిన 30 రోజుల్లో జవాబివ్వాలి. సరైన కారణం లేకుండా ఆలస్యమైతే సమాచార కమిషన్ రోజుకు 250 రూపాయల చొప్పున, 25,000 దాకా జరిమానా వేయొచ్చు. అది ఆఫీసు ఖాతాలోంచి పోదు, పౌర సమాచార అధికారి సొంత జేబులోంచి కట్టాలి. మీ ఆఫీసులో ఆ బాధ్యత సూపరింటెండెంట్ గారిదే అయితే, ఆయన అంతలా అరవడానికి కారణం మీ మీద కోపం ఒక్కటే కాదు. ఇంకో సంగతి. ఆ అధికారి ఎవరి సాయం కోరతారో వాళ్ళను కూడా, తప్పు జరిగినప్పుడు, సమాచార అధికారిగానే లెక్కగట్టే వీలు ఆ చట్టంలో ఉంది. అంటే ‘ఉండనీ’ అని ఒకరు నోటితో అన్నా, కాగితం మీ లాగిన్‌లో ఉన్నన్నాళ్ళూ జవాబు చెప్పాల్సింది మీరే. పాతకాలంలో ఫైలు ఎవరి బీరువాలో ఉందో వెతుక్కునేవాళ్ళం. ఇప్పుడు ఈ-ఆఫీసులో ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఎవరి దగ్గరి నుంచి ఎవరికి వెళ్ళిందో అంతా కనిపిస్తుంది. అది మిమ్మల్ని పట్టిస్తుంది, కాపాడుతుంది కూడా.

వివరణ అడుగుతూ ఇచ్చిన మెమో శిక్ష కాదు. ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో ఒకరిని మెల్లగా అడగండి, ఆ మెమో ముగిసిందా, ఇంకా నడుస్తోందా అని. ముగిసిపోతే దాన్ని మళ్ళీ గోకకండి. నడుస్తుంటే అదనపు వివరణ ఒకటి ఇవ్వండి. అందులో నిందలు వద్దు, కన్నీళ్ళు వద్దు. ఫలానా తేదీన ఫైలు నా లాగిన్‌కి వచ్చింది, ఫలానావారి మౌఖిక సూచన మేరకు పెండింగ్‌లో ఉంచాను, ఫలానా తేదీన అప్పీలు సంగతి తెలిసింది, ఇంతే. తేదీలే మీ తరఫున మాట్లాడతాయి. నకలు ఇంట్లో దాచుకోండి.

ఇక అంకుల్ గారు. ఆయన్ని దుర్మార్గుడని అనుకోవడానికి మీ ఉత్తరంలో నాకేమీ కనిపించలేదు. నాన్నగారు పోయాక వారసుల ధ్రువపత్రం కోసం, ఇంట్లోవాళ్ళ అంగీకార పత్రాల కోసం మీ అమ్మగారితో పాటు తిరిగినవాళ్ళలో ఆయన కూడా ఉండి ఉండొచ్చు. అలాంటి మనిషికి ‘ఈ పిల్ల నా పిల్లే, నా పని చేస్తే తప్పేముంది’ అనిపించడం సహజం. మీకూ అదే అనిపించింది, అందుకే ఏడాదిన్నర రాశారు. మన ఆఫీసుల్లో వరసలు పెట్టి పిలుచుకోవడం ఎంత హాయిగా ఉంటుందో అంత ఇరకాటం కూడా. బాబాయ్ అని, అక్కా అని పిలిచాక ఆ మనిషి అడిగిన పనికి కాదనడం అంటే పెళ్ళి భోజనంలో వడ్డించింది వద్దని విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినట్టుంటుంది. అదే ‘సార్’ అని పిలిచిన మనిషికి ‘సార్, నా దగ్గర పెండింగ్ ఉంది’ అనడం అంత కష్టం కాదు. ఇంటి దగ్గర, పెళ్ళిళ్ళలో, టీ కొట్టు దగ్గర ఆయన అంకులే. సీటు దగ్గర, ఫైలు చేతిలో ఉన్నప్పుడు ‘సార్’ అనడం మొదలుపెట్టండి. ఒక్కరిని మాత్రమే అలా పిలిస్తే పగబట్టినట్టు ఉంటుంది కాబట్టి అందరినీ పిలవండి. మొదటి వారం నవ్వుతారు. ‘ఏంటమ్మా, పెద్ద ఆఫీసరువి అయిపోయావా’ అంటారు. మీరూ నవ్వేయండి.

ఆయనతో మాత్రం ఒకసారి విడిగా మాట్లాడాలి. సీటు దగ్గర వద్దు, మధ్యవర్తి వద్దు, వాట్సాప్ అసలే వద్దు. సాయంత్రం బండి తీసేటప్పుడో, ఇంటికి వెళ్ళి ఆంటీ కూడా ఉన్నప్పుడో. నేనైతే ఇలా అంటాను: ‘అంకుల్, అందరి ముందూ అలా అనడం నాది పొరపాటే. ముందు మీ దగ్గరికొచ్చి అడగాల్సింది. దానికి సారీ. కానీ ఫైలు నా లాగిన్‌లో ఉంటే మెమో నాకే వస్తుందని అప్పుడు తెలిసింది. ఇకమీదట నా సీటు ఫైళ్ళే చూసుకుంటాను.’ మీరు సారీ చెప్పేది చెప్పిన తీరుకి, చెప్పిన నిజానికి కాదు. ఆయన ఏమీ అనకపోవచ్చు. ‘సరేలే’ అని మొహం తిప్పుకోవచ్చు. పెద్ద వయసులో జూనియర్ల ముందు తలదించుకున్న మనిషికి కాస్త టైం పడుతుంది. మళ్ళీ మళ్ళీ వెళ్ళి బతిమాలకండి. రోజూ పొద్దున నమస్కారం మాత్రం మానొద్దు, ఆయన పలక్కపోయినా సరే.

రేపు ఆయనే కాకపోతే ఇంకొకరు ఫైలు పంపిస్తారు. అప్పుడు నోటితో వాదన అక్కర్లేదు. వచ్చిన రోజే ‘ఈ సబ్జెక్టు ఫలానా సీటుకు సంబంధించినది’ అని ఒక్క ముక్క నోట్ రాసి వెనక్కి పంపేయండి. నాలుగు రోజులు ఉంచుకున్నారో, అది మీదైపోతుంది. నోటితో అడిగితే మాత్రం మెత్తగా, కానీ లెక్కతో చెప్పండి: ‘నా పర్సనల్ రిజిస్టర్‌లో తేలాల్సిన కాగితాలు పదకొండు ఉన్నాయి సార్, శుక్రవారం చెకింగ్ ఉంది. ఆ తర్వాత మీరు చెప్తుంటే కూర్చుని టైపు చేసిపెడతాను.’ సాయం చేసినట్టూ ఉంటుంది, ఫైలు ఆయన పేరు మీదే ఉంటుంది. వట్టి ‘నాకు కుదరదు’ కంటే ‘పదకొండు’ అనే అంకెకు విలువెక్కువ.

కబుర్లు రావని బాధపడుతున్నారు. టీ దగ్గర నలుగురినీ నవ్వించాల్సిన పని మీకు లేదు. మీకు అడగడం వస్తే చాలు. ముప్పై ఏళ్ళ సర్వీసు ఉన్న గుమస్తాని ‘మీ రోజుల్లో ఈ లెక్కలు కంప్యూటర్ లేకుండా ఎలా తేల్చేవారండీ’ అని అడిగి చూడండి, అరగంట మీరు నోరు విప్పక్కర్లేదు. అటెండర్‌నీ, రికార్డు అసిస్టెంట్‌నీ పేరుతో కాకుండా వరసతో పలకరించండి. ఏ అధికారి మూడ్ ఎలా ఉందో, ఏ కాగితం ఏ మూల పడి ఉందో ముందుగా తెలిసేది వాళ్ళకే. డబ్బా తీసుకుని అదే బల్ల దగ్గర కూర్చోవడం మానకండి. మాటలు ఆగిపోతే ఆగనివ్వండి. రోజూ వచ్చే మనిషి గురించి ఆ మనిషి ముందు ఎన్నాళ్ళు మౌనంగా ఉంటారు? రాకపోతేనే మాట్లాడుకోవడానికి వీలు.

ఒక్క జాగ్రత్త. కౌన్సెలింగ్‌లోకి రాకముందు నేనూ కొన్నేళ్ళు ఒక ఆఫీసులో సీటు చూశాను. ఒక అధికారి నడక మీద టీ దగ్గర ఒకే ఒక్క స్నేహితురాలితో జోక్ వేశాను. సాయంత్రం నాలుగింటికి ఆయనే పిలిచి ‘ఏదీ, ఎలా నడుస్తానో ఒకసారి చూపించమ్మా’ అన్నారు. ఇప్పటికీ తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి. ఆ స్నేహితురాలు చెడ్డదేమీ కాదు. నవ్వొచ్చిన మాట ఎవరి కడుపులోనూ ఆగదు, అంతే. అందుకని అక్కడ లేని మనిషి ప్రస్తావన వస్తే మీరు వినండి, ఊఁ కూడా కొట్టకుండా వినండి. ‘ఫలానావాళ్ళు నీ గురించి ఇలా అన్నారట’ అని మీకు మోసుకొచ్చేవాళ్ళ దగ్గర మరీ జాగ్రత్త. మీ ఉత్తరంలోని రెండు మాటలూ ‘అన్నారట’లే, గమనించారా?

అందులో ‘సూపరింటెండెంట్ మనిషి’ అన్నది వట్టి వర్గాల గొడవైతే గాలికి వదిలేయండి. దానికి ఆడ, మగ రంగు పులిమి మాట్లాడుతుంటే మాత్రం ఊరుకోనక్కర్లేదు. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను ఆపడానికి వచ్చిన 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకంటే ఎక్కువ పనిచేసే ప్రతి చోటా అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి. జరిగిన మూడు నెలల లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. మీ ఆఫీసులో ఆ కమిటీలో ఎవరున్నారో ఇప్పుడే తెలుసుకుని ఉంచండి, అవసరం రాకపోయినా.

‘ఊరికే వచ్చిన ఉద్యోగం’ అన్నవారి సంగతి. గ్రూప్-4 కోసం ఏళ్ళ తరబడి గదుల్లో అద్దెకుండి చదివినవాళ్ళకు ఆ మంట ఉంటుంది, దాన్ని తప్పు పట్టలేం. కారుణ్య నియామకం హక్కు కాదని కోర్టులు కూడా చెప్పాయి. పోషించే మనిషి హఠాత్తుగా పోతే ఆ కుటుంబం గట్టెక్కడానికే ఈ ఏర్పాటని 1994లో సుప్రీంకోర్టు అంది. మన రాష్ట్రంలో 1977 నుంచే జీవో ఉంది. మీ ఇంట్లో ఏం పోతే ఈ ఉద్యోగం వచ్చిందో మీకు తెలుసు, వాళ్ళకు చెప్పుకోనక్కర్లేదు. అకౌంట్స్ టెస్టు లాంటి డిపార్ట్‌మెంటల్ పరీక్షలు ఇంకా రాసి ఉండకపోతే వచ్చే నోటిఫికేషన్‌కి కట్టేయండి. ప్రమోషన్‌కి ఎలాగూ కావాలి. ఆ మాట అన్నవారినే పుస్తకాలు ఏవి మంచివని అడిగితే ఇంకా మంచిది.

బదిలీ ఇప్పుడొద్దు. బదిలీల మీద ప్రభుత్వం పెట్టిన నిషేధం ఎత్తేస్తే తప్ప అవి జరగవు, పైగా ఈ కథ మీకంటే ముందే కొత్త ఆఫీసుకు చేరుతుంది. ఏడాది ఆగి, అప్పటికీ వెళ్ళాలనిపిస్తే వెళ్ళండి. ఆదివారం సాయంత్రం టెన్షన్ నిద్ర దాకా వస్తే మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలిమానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

అమ్మగారు తలొంచుకోమన్నది భయంతో. ఆమె ఇప్పటికే ఒకరిని పోగొట్టుకున్నారు, ఈ జీతం పోతుందేమోనని ఆమె బెంగ. వాదించకండి, మెమో అంటే ఏమిటో మాత్రం అర్థమయ్యేలా చెప్పండి.

చివరగా, నాన్నగారు ఏనాడూ కాదనలేదన్న మాట మీద నాకు కొంచెం అనుమానం. పాతికేళ్ళు సీటు చూసిన ఏ గుమస్తా కూడా అలా నెగ్గుకురాలేడు. తీరిక చూసుకుని రికార్డు అసిస్టెంట్‌ని అడిగి, శాశ్వతంగా దాచే ఆర్.డిస్ కట్టల్లో నాన్నగారి సీటువి రెండు మూడు దించమనండి. నోట్ ఫైళ్ళు చదవండి. ‘నిబంధనల ప్రకారం పరిశీలించుటకు వీలుపడదు’ అని నాన్నగారి చేతిరాత ఎన్ని పేజీల్లో కనిపిస్తుందో లెక్కపెట్టి నాకు రాయండి.