పెంటకుప్పలో తెల్ల పురుగులు: కొమ్ము పురుగా, వేరు పురుగా?

పెంటకుప్ప తవ్వితే లావుపాటి తెల్ల పురుగులు బయటపడ్డాయని, అవి కొబ్బరిని పాడుచేసే కొమ్ము పురుగు పిల్లలో, వేరుశనగను ఎండబెట్టే వేరు పురుగులో తెలియక ఎరువు తోలడం ఆపేశానని రాశారు. ఆపి మంచి పని చేశారండీ. అయితే మందు చల్లకండి, మూడో రకం కూడా ఉంది. దానివల్ల మీకు మేలే.

మాది కోనసీమ, అత్తవారిది అనంతపురం వైపు. అందుకే కొబ్బరి తోట పురుగునూ, వేరుశనగ చేలో పురుగునూ అరచేతిలో పెట్టుకుని చూసే వీలు దొరికింది. మూడూ పేడపురుగు కుటుంబంలోవే. పిల్ల దశలో మూడూ తెల్లగా, వంకర తిరిగి, మూడు జతల కాళ్లతోనే ఉంటాయి. సైజు చూసి తేల్చేయకండి, అది వయసుతో మారిపోతుంది. బాగా ముదిరిన కొమ్ము పురుగు పిల్ల మాత్రం 6 సెంటీమీటర్లు దాటుతుంది.

ముందుగా ఒకదాన్ని గచ్చు మీద వదలండి. వెల్లకిలా తిరిగి, కాళ్లు గాల్లో ఉంచి, వీపుతోనే చకచకా పాకిపోతే అది ప్రొటీషియా లాంటి పూల పెంకు పురుగు పిల్ల. మొదటిసారి చూసినవాళ్లు నమ్మలేరు! కుళ్లిన చెత్త తిని ఎరువుగా మారుస్తుంది. దయచేసి దాన్ని చంపొద్దు. పెద్దయ్యాక కూడా తేలిగ్గా గుర్తుపట్టొచ్చు: పగలు పూల మీద వాలుతుంది, పై రెక్కలు విప్పకుండానే ఎగురుతుంది.

మిగతా రెండూ పక్కకు ఒరిగిపోయి తంటాలు పడతాయి. అలాంటిదాన్ని నీళ్లతో కడిగి, భూతద్దంతో తోక చివర అడుగు భాగం చూడండి. అసలు గుర్తు అక్కడే ఉంది. వేరు పురుగుకు మలద్వారం చీలిక ఇంగ్లీషు వై ఆకారంలో ఉంటుంది. దాని ముందు చిన్న ముళ్లు జిప్పు పళ్లలా రెండు వరసలు తీరి ఉంటాయి. కొమ్ము పురుగు పిల్లకు చీలిక అడ్డంగా ఉంటుంది, ముళ్ల వరసలుండవు, పొట్టి వెంట్రుకలు చెదురుమదురుగా ఉంటాయి.

వేరు పురుగు ఎక్కువగా నేలలో, బతికున్న వేళ్ల దగ్గర ఉంటుంది. పెంటకుప్ప, కుళ్లిన కొబ్బరి మొద్దు కొమ్ము పురుగు పుట్టిళ్లు. చెట్ల మీద విచ్చుకున్న ఆకులకు 'వి' ఆకారపు కోతలుంటే పెద్ద పురుగులు ఇప్పటికే మొవ్వులోకి వెళ్తున్నట్టే. అప్పుడు పిల్లల్ని ఏరేసి, కుప్పలో మెటారైజియం శిలీంధ్రం కలపండి. అది సోకిన పురుగు చచ్చి ఒంటి మీద ఆకుపచ్చ పొడి పడుతుంది.

పెద్ద కొమ్ము పురుగులో ఆడా మగా తేల్చడానికి కొమ్ము పొడవు నమ్మొద్దు, పిల్ల దశలో తిన్న తిండిని బట్టి అది మారుతుంది. పొట్ట చివర గోధుమరంగు నూగు దట్టంగా ఉంటే ఆడది.

ఇక వేరు పురుగుల్లోనే ఏ జాతి అన్నది (మన దక్షిణాదిలో హోలోట్రైకియా సెర్రాటా ఎక్కువ, గుజరాత్, రాజస్థాన్ వైపు కన్సాంగ్వినియా) పిల్లను చూసి ఖాయంగా చెప్పడం కష్టం. మగ పురుగు జననాంగాన్ని విడదీసి మైక్రోస్కోపు కింద చూడాల్సిందే. అంత అవసరమైతే తొలకరి వానలు పడ్డాక పొద్దుగూకే వేళ వేపచెట్టు కొమ్మలు దులపండి. రాలిన గోధుమరంగు పురుగుల్ని కొన్ని సీసాలో వేసి దగ్గర్లోని వ్యవసాయ కళాశాల కీటక విభాగానికి ఇవ్వండి.