ఫోర్కులో ఏ ఆయిల్ పోయాలి: మేనల్లుడికి ఉత్తరం

విజయనగరం

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

సైకిల్ ముందు చక్రాన్ని పట్టుకుని, గతుకులకి కిందికి దిగి లేచే ఫోర్కులో 5 నంబరు ఆయిల్ పోయాలా, 10 నంబరుది పోయాలా అని అడిగావు. ఆ నంబరు జోలికి వెళ్ళకముందు రెండు సంగతులు తేలాలి నాయనా. నీ ఫోర్కు అసలు ఆయిల్ పోసే రకమేనా? అయితే, నువ్వు మార్చాలనుకుంటున్నది పైగొట్టంలో ఉండే ఆయిలా, కింది కాళ్ళలో, అంటే చక్రం వైపు గొట్టాల్లో ఉండేదా? ఇవి తేలకుండా సీసా కొంటే డబ్బు దండగ. ఒక్కోసారి ఫోర్కు కూడా దండగే.

మన వైపు గేరు సైకిళ్ళకి ఎక్కువగా వచ్చేది మామూలు స్ప్రింగు ఫోర్కు. సన్‌టూర్ ఎక్స్‌సీటీ లాంటివి. లోపల స్ప్రింగు, గొట్టాలు ఒకదానిలో ఒకటి జారడానికి బుష్షులు, గ్రీజు, అంతే. దానికి కావాల్సింది విప్పి తుడిచి కొత్త గ్రీజు పెట్టడం. అందులో ఆయిల్ పోశావనుకో, అది గ్రీజుని కడిగేసి కింద బోల్టు పక్కనుంచి కారుతుంది. కారింది బ్రేకు డిస్కు మీద పడితే ఇక బ్రేకు పట్టదు. ప్యాడ్లు కూడా మార్చుకోవాలి.

నీది సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఎయిర్ ఫోర్కు, అంటే స్ప్రింగు బదులు గాలి ఉండేది అన్నావు కాబట్టి ఆయిల్ ఉండే అవకాశమే ఎక్కువ. అలాంటి ఫోర్కులో చాలావరకు రెండు రకాల ఆయిల్ ఉంటుంది, రెండింటి పనీ వేరు. ఒకటి పైగొట్టంలో, ఫోర్కు కదిలే వేగాన్ని అదుపు చేసే డాంపర్‌లోది. గతుకు తగిలినప్పుడు ఫోర్కు ఎంత వేగంగా దిగాలి, ఎంత వేగంగా లేవాలి అన్నది ఆ ఆయిల్ సన్నటి రంధ్రాల గుండా వెళ్ళే తీరుని బట్టి ఉంటుంది. ఒకే గరాటులో కిరోసిన్, ఆముదం పోసి చూస్తే ఎలా ఉంటుందో అదే లెక్క. అందుకే డాంపర్‌లో సాధారణంగా పలచటిది పోస్తారు. రెండోది కింది కాళ్ళలో బుష్షులకీ సీళ్ళకీ తడి తగలడానికి పోసేది. అది లోహానికి అంటుకుని ఉండాలి, అందుకని చిక్కగా ఉంటుంది. ఫాక్స్ కంపెనీ ఫోర్కులకి కింద 20 నంబరుది వాడతారు. రాక్‌షాక్స్ కంపెనీ వాటికి కింద మోడల్‌ని బట్టి 15 గానీ, 0డబ్ల్యూ-30 అనే ఇంజన్ ఆయిల్ రకం గానీ ఉంటుంది. డాంపర్‌లో మాత్రం 5, కొన్నిటికి 3. ఒకే ఫోర్కులో ఇంత తేడా ఉంటే ‘5 ఆ, 10 ఆ’ అని అడిగితే నేనేం చెప్పను?

ఇంకో తిరకాసు ఉంది. సీసా మీద ఉండే ఆ 5, 10 అందరికీ ఒకే కొలత కాదు. ఒక కంపెనీ 5 నంబరు ఆయిల్ 40 డిగ్రీల దగ్గర 16 సెంటిస్టోక్స్ ఉంటే, ఇంకో కంపెనీ 5 నంబరుదే 26 దాకా ఉంటుంది. చిక్కదనానికి అసలు కొలత ఆ సెంటిస్టోక్సే. సీసా వెనకాల చిన్న అక్షరాల్లో గానీ, కంపెనీ డేటా షీట్‌లో గానీ ఉంటుంది. రెండు చోట్లా లేకపోతే ఆ ఆయిల్ కొనకు. మన మోటార్‌సైకిల్ స్పేర్ పార్టుల షాపుల్లో దొరికే ఫోర్క్ ఆయిల్ తీసిపారేయాల్సింది కాదు. చిక్కదనం సరిపోతే ఆయిల్ నేరుగా గొట్టంలో ఉండే పాత తరహా డాంపర్లకి నిక్షేపంగా పనికొస్తుంది. డేటా షీట్‌లోనే విస్కాసిటీ ఇండెక్స్ అని ఒకటి ఉంటుంది, అది ఎంత ఎక్కువుంటే అంత మంచిది. వేడికి చిక్కదనం తక్కువ మారుతుంది. మన మే నెల మధ్యాహ్నం ఎండలో తొక్కి, డిసెంబరు పొద్దున్నే అనంతగిరి ఘాట్ ఎక్కేవాడికి ఆ తేడా చేతుల్లో తెలుస్తుంది.

ఫోర్కు పూర్తిగా దిగిపోయి టక్కుమని కొట్టుకుంటోందని, చిక్కటి ఆయిల్ పోస్తే ఆగుతుందని ఎవరో చెప్పారన్నావు. వినకు. బరువు మోసేది స్ప్రింగు, నీ ఫోర్కులో అయితే గాలి. ఆయిల్ వేగాన్ని మాత్రమే పట్టి ఉంచుతుంది. చిక్కటిది పోస్తే దిగడం కాస్త తగ్గినట్టు అనిపిస్తుంది, కానీ లేవడం మరీ నెమ్మదిస్తుంది. సాలిహుండం కొండ దిగేటప్పుడు వరసగా రాళ్ళు తగిలితే, ఒకదాన్నుంచి లేచేలోపే రెండోది తగిలి ఫోర్కు అలా కిందికే కూరుకుపోతుంది. అప్పుడు హ్యాండిల్ ఇచ్చే దెబ్బ మణికట్టు మీద పడుతుంది. అందుకని ముందు గాలి సరిచెయ్యి. నువ్వు సైకిల్ మీద కూర్చుంటే మొత్తం 120 మిల్లీమీటర్లు దిగగల ఫోర్కు 24 నుంచి 30 దాకా దిగాలి. ఆ తర్వాత ఫోర్కు లేచే వేగాన్ని మార్చే రీబౌండ్ నాబ్ తిప్పి చూడు. నాబ్ మొత్తం బిగించినా ఫోర్కు ఎగిరెగిరి లేస్తుంటే ముందు డాంపర్‌లోని పాత ఆయిల్ మార్చు. అప్పటికీ తగ్గకపోతే కాస్త చిక్కటిది. నాబ్ మొత్తం వదిలేసినా నెమ్మదిగా లేస్తుంటే కాస్త పలచటిది. బరువు తక్కువున్న పిల్లలకి ఈ రెండోదే ఎక్కువగా ఎదురవుతుంది. 5కీ 10కీ మధ్యది కావాలంటే ఒకే కంపెనీవి, ఒకే రకానివి కలుపుకో. వేర్వేరు కంపెనీలవి కలపొద్దు.

ఇంట్లో దొరికేవి ఏవీ పోయొద్దు. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, మన చలికాలానికి అది చాలు. బ్రేక్ ఫ్లూయిడ్ పెయింటుని తినేస్తుంది, రబ్బరు సీళ్ళకీ పడదు. సీళ్ళ దగ్గర డబ్ల్యూడీ-40 కొడితే ఉన్న గ్రీజు కరిగి కొట్టుకుపోతుంది. ఎయిర్ స్ప్రింగు సీళ్ళకి సస్పెన్షన్ గ్రీజే పెట్టు. బేరింగులకి రాసేది వద్దు.

కింది కాళ్ళ పని మొదలుపెట్టేముందు గాలి మొత్తం తీసెయ్యి. ఇది మర్చిపోతే ప్రమాదం. కింద బోల్టులు రెండు మూడు చుట్లు వదులు చేసి, ఎలన్ కీ వాటిలోనే ఉంచి రబ్బరు సుత్తితో కొడితే లోపలి రాడ్లు వదులుతాయి. పాత ఆయిల్‌ని తెల్లటి పింగాణీ ప్లేటులో పట్టి ఎండలో వంచి చూడు. నల్లబడితే మామూలే. పాలలా ఉంటే నీళ్ళు దిగాయి. ప్లేటు కదిపినప్పుడు వెండిపొడిలా మెరిస్తే బుష్షులు అరుగుతున్నాయి, ఆయిల్ మార్చినంత మాత్రాన సరిపోదు. కళింగపట్నం తీరంలో తొక్కుతున్నావుగా, సీలు కింద ఉండే స్పాంజి రింగు తీసి వేళ్ళతో నలుపు. గరగరమంటే ఇసుక చేరింది. దాన్ని కడిగి, ఆరబెట్టి, కొత్త ఆయిల్‌లో నానబెట్టి పెట్టు. తుడవడానికి పాత పంచె గుడ్డ వద్దు, పోగులు సీళ్ళలో ఇరుక్కుంటాయి. కార్లు తుడిచే మైక్రోఫైబర్ గుడ్డ మంచిది.

కొలత విషయంలో మాత్రం పట్టుదలగా ఉండు. కింది కాళ్ళకి పట్టేది కొద్ది మిల్లీలీటర్లే, ఏ కాలికి ఎంతన్నది మాన్యువల్ చెప్పినంతే. మందుల షాపులో 10 మిల్లీ సిరంజి కొనుక్కో. ఎక్కువ పోస్తే మేలని చాలామంది అనుకుంటారు. లోపల ఖాళీ తగ్గి గాలి బిగుసుకుంటుంది, ఫోర్కు పూర్తిగా దిగదు, సీళ్ళ నుంచి కక్కేస్తుంది. బోల్టు కింద వాషర్లు నలిగి ఉంటే కొత్తవి వెయ్యి. బోల్టు ఎంత బిగించాలో మాన్యువల్‌లో ఉంటుంది, బలం కొద్దీ బిగించకు.

కింది కాళ్ళ పని రాక్‌షాక్స్ వాళ్ళు 50 గంటల సవారీకోసారి చేయమంటారు. ఉప్పుగాలిలో, ఇసుకలో తిరిగే నీకు అంతకంటే ముందే చేస్తే మంచిది. ఈ పని నువ్వే చేసుకోగలవు. సీల్ చేసి వచ్చే కార్ట్రిడ్జి డాంపర్ అయితే మాత్రం విప్పొద్దు. అందులోంచి గాలి బుడగలు పూర్తిగా తీయకపోతే ఫోర్కు గుల్లగా ఆడుతుంది. అది విశాఖలో తెలిసిన మెకానిక్ చేత చేయిద్దాం.

ఆయిల్ ఇప్పుడే కొనకు. రాక్‌షాక్స్ అయితే ఫోర్కు మీద చెక్కిన సీరియల్ నంబరు ఉంటుంది, పైన రెండు కాళ్ళనీ కలిపే కిరీటం వెనకాల వెతుకు. ఫాక్స్ అయితే కింది కాలు వెనక స్టిక్కరు మీద నాలుగక్షరాల కోడ్. ఏది ఉంటే అది తుడిచి, ఫొటో తీసి వాట్సాప్‌లో పంపు. దాని మాన్యువల్‌లో ఏ కాలికి ఏ ఆయిల్, ఎంత అన్న పట్టిక వెతికి పెడతాను. తీసిన పాత ఆయిల్ కాలవలో పారబోయకు, సీసాలో పట్టి ఏ మోటార్‌సైకిల్ షెడ్డులోనైనా ఇస్తే వాళ్ళ డ్రమ్ములో పోసుకుంటారు.

మీ అమ్మని అడిగానని చెప్పు.

ఇట్లు
మీ మావయ్య